యాభై రూపాయల టీకా ఎవరిది?

1997 చివర్లో, నేను డిగ్రీ చదువుతూ సాయంత్రం పూట గుంటూరు కొత్తపేటలో మా మేనమామ మందుల షాపులో కూర్చునే రోజుల్లో, హైదరాబాదు నుంచి రాత్రి బస్సు పార్సిల్‌లో ఒక థర్మోకోల్ పెట్టె వచ్చింది. మామయ్య దాన్ని కౌంటరు మీద పెట్టనివ్వకుండా నేరుగా లోపలికి తీసుకెళ్లి, ఐసు ప్యాకుల చల్లదనం ఇంకా ఉందో లేదో చేత్తో తడిమి చూసి, ఆ తరువాతే టేపు కోశాడు. లోపల చిన్న చిన్న గాజు సీసాల్లో హెపటైటిస్-బి అనే కాలేయపు జబ్బుకు టీకా ఉంది. వాటి మీద శాన్‌వాక్-బి అనే పేరూ, కింద సన్నటి అక్షరాల్లో శాంతా బయోటెక్నిక్స్, హైదరాబాదు అన్న చిరునామా ఉన్నాయి. మామయ్య ఒక సీసాను ట్యూబులైటు కింద పట్టుకుని మెల్లగా ఊపాడు. అడుగున పేరుకున్న తెల్లటి మడ్డి రెండు ఊపులకే పాలలా కలిసిపోయింది. "మనవాళ్లు చేశార్రా దీన్ని" అన్నాడు. ఆ మాటలోని సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది, అది అబద్ధపు సంతోషం కాదు. కానీ అందులో ఉన్న "మన" అనే మాటకు అర్థం ఎంతవరకు, ఆ సీసా ఎప్పటిదాకా మనది, ఏ రోజున మన చేయి దాటింది అన్న ప్రశ్నలు చాలా ఏళ్లుగా నన్ను వదలడం లేదు. అందుకే ఈ వ్యాసం.

అంతకుముందు మా ఫ్రిజ్‌లో హెపటైటిస్-బి టీకా లేకపోలేదు. విదేశీ కంపెనీలది ఉండేది, అది కూడా డాక్టరు చీటీ వచ్చాక తెప్పించే రెండు మూడు సీసాలే. ఒక్కో డోసు ధర వందల రూపాయల్లో ఉండేది. మొదటి రోజు ఒకటి, నెలకు ఒకటి, ఆరో నెలకు ఒకటి చొప్పున మనిషికి మూడు డోసులు కావాలి; ఇంట్లో నలుగురుంటే పన్నెండు. మిరప యార్డులో గుమస్తాగా పనిచేసే ఒకాయన భార్య చీటీ పట్టుకుని వచ్చి, మామయ్య కాగితం మీద వేసిన లెక్క చూసి, "ఒక్కటి వేయించి ఊరుకుంటే పని చెయ్యదా బాబూ?" అని అడిగింది. చెయ్యదని చెప్పడానికి మామయ్యకు కాసేపు పట్టింది. ఆమె చీటీ మడిచి చెంగున కట్టుకుని వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు.

ఆ జబ్బు మా ఇంటికి కొత్త కాదు. తెనాలి దగ్గర మా ఊళ్లో మా పెదనాన్నకు 1980ల చివర్లో కామెర్లు వచ్చాయి. తగ్గినట్టే తగ్గి, రెండేళ్లకు పొట్టలో నీరు చేరింది. గుంటూరు తీసుకొస్తే డాక్టరు గారు రక్తపరీక్ష కాగితం చూసి "ఆస్ట్రేలియా యాంటిజెన్ పాజిటివ్" అన్నారు. ఆస్ట్రేలియాకూ మా పెదనాన్నకూ సంబంధం ఏమిటో మాలో ఎవరికీ అర్థం కాలేదు. ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరు దగ్గర స్టీలు డబ్బాలో మరిగే ఒకే గాజు సిరంజితో ఊరంతా సూదులు వేయించుకున్నవాళ్లమే. నీళ్లు సరిగ్గా మరిగాయా లేదా అని అడిగిన వారు లేరు. ఆ జబ్బు అక్కడి నుంచే వచ్చిందని ఎవరూ రుజువు చేయలేరు, నేనూ చేయలేను. నాయనమ్మ మాత్రం నేల ఉసిరి వేళ్లతో సహా పీకి, నూరి, మజ్జిగలో కలిపి పరగడుపున పట్టించేది, ఉప్పూ కారం లేని పత్యం పెట్టేది. పెదనాన్న 1991లో పోయారు.

చాలా కాలం తరువాత తెలిసిన సంగతి ఒకటుంది. ఆస్ట్రేలియా యాంటిజెన్ అంటే హెపటైటిస్-బి వైరస్ రక్తంలో ఉందని చెప్పే ప్రొటీను. దానికి ఆ పేరు రావడానికి కారణం అది మొదట ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో కనిపించడమే. 1960ల్లో దాన్ని కనుగొన్న అమెరికా శాస్త్రవేత్త బరూచ్ బ్లూంబర్గ్‌కు 1976లో నోబెల్ బహుమతి వచ్చింది. అదే బ్లూంబర్గ్ 1988లో మద్రాసు శాస్త్రవేత్తలతో కలిసి నేల ఉసిరి మీద ఒక పరిశీలన ప్రచురించారు. అది వైరస్‌ను తొలగిస్తోందన్న ఆశ అప్పట్లో చాలామందికి కలిగింది, కానీ తరువాతి పరీక్షలు ఆ ఆశను నిలబెట్టలేదు. నాయనమ్మ చేసినది మూర్ఖత్వం కాదు, ఆమెకు అందుబాటులో ఉన్నది అదొక్కటే. అందుబాటు అనే మాట దగ్గరే ఈ కంపెనీ చరిత్ర మొదలవుతుంది.

టీకా ఎలా తయారవుతుందో కొంత తెలిస్తే తప్ప ధర ఎందుకు అంత ఉండేదో, ఎందుకు తగ్గిందో అర్థం కాదు. 1981లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి హెపటైటిస్-బి టీకాను వైరస్ మోస్తున్న మనుషుల రక్తం నుంచే తీసేవారు. 1986లో జన్యు సాంకేతికతతో చేసిన టీకా వచ్చింది. మనుషులకు వేసే టీకాల్లో ఆ పద్ధతిలో తయారైన మొదటిది అదే. వైరస్ పైపొర ప్రొటీనును తయారు చేసే జన్యువును మాత్రమే తీసుకుని ఈస్టు కణంలో పెడితే, ఆ ఈస్టు తన పనితో పాటు ఈ పని కూడా చేసిపెడుతుంది. అందులో వైరస్ లేదు, రక్తం లేదు, జబ్బు అంటుకునే భయం లేదు. శాంతా బయోటెక్నిక్స్ ఎంచుకున్నది పికియా పాస్టోరిస్ అనే ఈస్టు. ఫెర్మెంటరులో దాన్ని దట్టంగా పెంచి, ఆ తరువాత మెథనాల్ అందిస్తే ఆ జన్యువు పని మొదలుపెడుతుంది. అక్కడి నుంచి అసలు కష్టం. కణాలను పగలగొట్టాలి, ఈస్టు సొంత ప్రొటీన్లన్నింటినీ వడగట్టి పారేయాలి, మిల్లీమీటరులో దాదాపు యాభై వేలో వంతు ఉండే ఆ ప్రొటీను కణికలను చెదరకుండా వేరు చేయాలి, వాటిని అల్యూమినియం హైడ్రాక్సైడ్‌కు అంటించాలి, ప్రతి బ్యాచి శుద్ధతనూ నిరూపించాలి. సీసా అడుగున మామయ్య చూసిన తెల్లటి మడ్డి ఆ అల్యూమినియమే. మందుల వ్యాపారంలో ఉన్న మా బోటివాళ్లకు కూడా ఈ సంగతి తెలియదు: టీకాలో ముడిసరుకు ఖరీదు తక్కువ, శుద్ధి చేయడానికీ శుద్ధి అయిందని రుజువు చేయడానికీ అయ్యే ఖర్చే ఎక్కువ. ఆ విద్య ఉన్నవాళ్లు కొద్దిమందే కాబట్టి ధర వాళ్లు చెప్పిందే అయ్యేది.

ఆ విద్యను ఇక్కడ నేర్చుకోవాలని పూనుకున్న కె.ఐ. వరప్రసాద్ రెడ్డి గారు జీవశాస్త్రవేత్త కారు, ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. స్వస్థలం నెల్లూరు జిల్లా. 1992లో జెనీవాలో జరిగిన ఒక సదస్సులో ఈ టీకా గురించి విని, సాంకేతికత కోసం విదేశీ సంస్థలను అడిగి, నిరాశతో తిరిగొచ్చి, 1993లో హైదరాబాదులో తన తల్లి శాంతమ్మ పేరుతో సంస్థ పెట్టారు. ఈ కథను తెలుగువాళ్లం ఇష్టంగా చెప్పుకుంటాం, చెప్పుకోవలసిందే. కానీ మనం చెప్పుకునే తీరులో ఒక మనిషి పట్టుదల మాత్రమే మిగిలి, దాని పక్కన నిలబడినవన్నీ జారిపోతున్నాయి. మొదటి ప్రయోగాలకు చోటిచ్చింది ఉస్మానియా విశ్వవిద్యాలయం. తరువాత తన ప్రాంగణంలో చోటిచ్చింది సీసీఎంబీ, అంటే ప్రజల పన్నులతో నడిచే పరిశోధన కేంద్రం. బ్యాంకులు వెనకాడినప్పుడు పెట్టుబడి పెట్టింది ఒమన్ దేశపు విదేశీ వ్యవహారాల మంత్రి యూసఫ్ బిన్ అలావీ. కేంద్ర ప్రభుత్వ టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు రుణం ఇచ్చింది. 1997 ఆగస్టులో టీకా మార్కెట్లోకి వచ్చినప్పుడు ఆ సీసాలో ఒక మనిషి మొండితనం ఎంత ఉందో, ప్రభుత్వ ప్రయోగశాలల వెలుతురు, నీరు, కరెంటు కూడా అంత ఉన్నాయి. ఆ రెండో భాగానికి తరువాతి రోజుల్లో ఏ హక్కూ దక్కలేదన్నదే నా అభ్యంతరం.

ధర డోసుకు యాభై రూపాయలు. ఈ అంకెను నేను చిన్నచూపు చూడలేను, ఎందుకంటే దాని ఫలితాన్ని కౌంటరు వెనక నిలబడి చూశాను. కొద్ది నెలల్లోనే విదేశీ టీకాల ధరలు కూడా దిగడం మొదలైంది. మరుసటి ఏడాది, ఆపై ఏడాది భారత్ బయోటెక్ వంటి ఇతర భారతీయ సంస్థల టీకాలు వచ్చాయి, పోటీ పెరిగింది, ధర ఇంకా జారింది. నిన్నటిదాకా వందలు పలికిన వస్తువు ఒక్కసారిగా యాభైకి రావడం చూసినప్పుడు, నిన్నటి ధర వస్తువుది కాదనీ అమ్మేవాడి నిర్ణయమనీ ఎవరూ పాఠం చెప్పకుండానే తెలిసిపోతుంది. ఇరవై ఏళ్లకే అది తెలియడం నా అదృష్టం అనుకుంటాను.

ఆ తరువాత రెండు మూడేళ్లు టీకా శిబిరాల కాలం. గుంటూరు, విజయవాడల్లో స్కూళ్లలో, కల్యాణ మండపాల్లో, ఆదివారం ఆదివారం శిబిరాలే. నేను కూడా ఐసు పెట్టె మోసుకుని వెళ్లి, రిజిస్టరులో పేర్లు రాసి, మూడు తేదీల గడులున్న పసుపుపచ్చ కార్డులు పంచాను. పిల్లల్ని చంకనెత్తుకుని వరుసలో నిలబడ్డ తల్లిదండ్రులకు మైకులో చెప్పే మాటలు మంచివి కావు. ఎయిడ్స్ కంటే భయంకరమైన జబ్బు అని, చెమట తగిలినా ఎంగిలి తగిలినా వస్తుందన్నట్టు చెప్పేవారు. మా షాపుకు సరుకు అమ్ముడవుతోంది కాబట్టి మేమూ నోరు మెదపలేదు. కానీ నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఆ భయపెట్టడం కాదు. పుట్టుకతోనే తల్లి నుంచి వైరస్ సోకిన పిల్లల్లో నూటికి తొంభై మందికి అది జీవితాంతం ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకినవారిలో ఉండిపోయేది నూటికి ఐదుగురి లోపే. అంటే ఈ టీకా అన్నిటికంటే ఎక్కువ అవసరమైనది పుట్టిన 24 గంటల లోపు బిడ్డకు. మేము మాత్రం డబ్బు కట్టగలిగిన వాళ్ల పదేళ్ల పిల్లలకు వేసుకుంటూ పోయాం. పెద్దాసుపత్రిలో ఆ రాత్రి పుట్టిన బిడ్డకు ఎవరూ వేయలేదు, ఎందుకంటే ఆ బిడ్డ శిబిరానికి రాదు, ఆ తల్లి యాభై కూడా కట్టలేదు.

ఇది కంపెనీ తప్పు కాదు. కంపెనీ టీకా చేయగలదు, ధర తగ్గించగలదు, పురిటి గదిలోకి తీసుకెళ్లలేదు; అది ప్రభుత్వం పని. 1997 నాటికల్లా అన్ని దేశాలూ ఈ టీకాను పిల్లల కార్యక్రమంలో చేర్చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1992లోనే చెప్పింది. మన దేశంలో 2002–03లో కొన్ని జిల్లాల్లో, కొన్ని నగరాల్లో ప్రయోగాత్మకంగా మొదలై, 2007–08లో పది రాష్ట్రాలకు పెరిగి, 2011కు గానీ దేశమంతటా రాలేదు. యాభై రూపాయల టీకా మన గడ్డ మీద తయారైన పద్నాలుగేళ్లకు! ఆంధ్రప్రదేశ్ కొంత ముందే కదిలిన మాట నిజమే. అయినా ఆ పద్నాలుగేళ్లలో పుట్టి, టీకా అందక, వైరస్‌తోనే పెరిగిన పిల్లలు ఇప్పుడు టీనేజీలోనో ఇరవైల్లోనో ఉంటారు. వాళ్లలో చాలామందికి తమలో అది ఉన్నట్టు కూడా తెలియదు. రక్తదానానికి వెళ్లినప్పుడో, గల్ఫ్ వెళ్లడానికి మెడికల్ పరీక్ష చేయించుకున్నప్పుడో తెలుస్తుంది. అటువంటి కాగితం చేత్తో పట్టుకుని, ఏం చేయాలో తెలియక మా కౌంటరు ముందు నిలబడిన కుర్రవాళ్లను నేను చూశాను.

ఇప్పుడు మనం సాధారణంగా కథ ఆపేసే చోటు నుంచి ముందుకు వెళ్లాలి. 2000ల మధ్యలో ఫ్రాన్సుకు చెందిన మెరియూ కుటుంబ సంస్థ శాంతా బయోటెక్నిక్స్‌లో మెజారిటీ వాటా కొన్నది. 2009లో ఆ వాటా ఫ్రాన్సుకే చెందిన పెద్ద మందుల కంపెనీ సనోఫీ చేతికి వెళ్లింది. అప్పుడు కంపెనీకి కట్టిన విలువ దాదాపు 55 కోట్ల యూరోలు. అమ్మకం జరిగింది ఫ్రాన్సులో, శాంతా వాటాను చేతిలో ఉంచుకున్న ఒక ఫ్రెంచి సంస్థ షేర్ల రూపంలో. అందువల్ల లాభం మీద ఇక్కడ పన్ను కట్టాలా వద్దా అన్న వివాదం ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లింది. రెండు దేశాల మధ్య ఉన్న పన్ను ఒప్పందం ప్రకారం ఇక్కడ కట్టనక్కరలేదని 2013 ఫిబ్రవరిలో కోర్టు తీర్పు చెప్పింది. చట్టం ప్రకారం ఆ తీర్పును తప్పుపట్టే చదువు నాకు లేదు. వరప్రసాద్ రెడ్డి గారిని, వాటాదారులను తప్పుపట్టే ఉద్దేశం కూడా లేదు. ఏళ్ల తరబడి డబ్బు పెట్టినవారు ఏదో ఒక రోజు తీసుకుంటారు. కానీ ఉస్మానియా, సీసీఎంబీ, ప్రభుత్వ రుణం అన్నీ కలిసి నిలబెట్టిన సంస్థ చేతులు మారినప్పుడు, ప్రజల తరఫున ఒక్క షరతు పెట్టగలిగిన వారు ఆ బల్ల చుట్టూ లేరు.

2010లో జరిగినది ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది దాచిపెడతారు. ఐదు జబ్బులకు ఒకే సూదిగా శాంతా తయారు చేసిన శాన్-5 టీకాకు 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం వచ్చింది, యూనిసెఫ్ 34 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. 2010లో కొన్ని సీసాల్లో తెల్లటి మడ్డి గాజుకు అతుక్కుని, ఎంత ఊపినా కలవడం లేదని ఫిర్యాదులు వచ్చాయి. రెండు కోట్లకు పైగా డోసులను వెనక్కి తీసుకోవలసి వచ్చింది, ఆమోదం రద్దయింది, తిరిగి రావడానికి 2014 దాకా పట్టింది. మామయ్య ట్యూబులైటు కింద చేసిన పరీక్షే అది. ఆయన షాపులో రెండు ఊపులకు కలిసిన మడ్డి, ఖండాలు దాటి వెళ్లిన సీసాల్లో కలవలేదు. దీన్ని చూపించి చవక సరుకు అంతే అన్నవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. లోపం బయటపడింది, సరుకు వెనక్కి వచ్చింది, కారణం వెతికి సరిదిద్దారు. ఏ తయారీలోనైనా నిజాయితీ అంటే ఇదే. చవకగా చేసేవాడికి పరీక్షల్లో తగ్గించుకునే వీలు లేదని, నాణ్యతను నిరూపించే ఖర్చులో మాత్రం చవక పనికిరాదని ఆ ఘటన చెబుతుంది.

నా వాదనకు అసలు ఆధారం మాత్రం కలరా టీకా. శాంతా చేసిన పనుల్లో దీని గురించి మన వాళ్లు చాలా తక్కువగా మాట్లాడుకుంటారు. వియత్నాంలో 1980ల్లో రూపుదిద్దుకుని, 1990ల నుంచి వాడుతూ వచ్చిన, నోటి ద్వారా ఇచ్చే టీకాను తీసుకుని, దక్షిణ కొరియా రాజధాని సోల్‌లో ఉన్న ఇంటర్నేషనల్ వ్యాక్సిన్ ఇన్‌స్టిట్యూట్ దాన్ని మెరుగుపరిచి, తయారు చేసే పద్ధతిని శాంతాకు అందించింది. లాభం కోసం కాకుండా అనేక దేశాలు, దాతృ సంస్థలు కలిసి నడిపే సంస్థ అది. కలకత్తా మురికివాడల్లో అరవై వేల మందికి పైగా పాల్గొన్న పరీక్షలో ఆ టీకా ఐదేళ్ల పాటు దాదాపు 65 శాతం రక్షణ ఇచ్చిందని తేలింది. శాన్‌కాల్ పేరుతో 2009లో మన దేశంలో అనుమతి, 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం వచ్చాయి. హైతీలో భూకంపం తరువాత కలరా చెలరేగినప్పుడు 2012లో అక్కడి పేదల నోట్లో పడిన చుక్కలు హైదరాబాదు దగ్గర మేడ్చల్‌లోని శాంతా ఫ్యాక్టరీ నుంచి వెళ్లినవే.

కలరా మనకు పాత కథ అనుకోవద్దు. 2018 మార్చిలో గుంటూరు పాత పట్టణంలో, ఆనందపేట చుట్టుపక్కల, కుళాయి నీళ్లు కలుషితమై అతిసారంతో జనం వరుసగా పెద్దాసుపత్రిలో చేరారు, ప్రాణాలు పోయాయి. ఆ వారమంతా మా షాపులో ఓఆర్ఎస్ పొట్లాలు పెట్టిన అలమర సాయంత్రానికి ఖాళీ. మురుగు కాలువలో మునిగి ఉన్న నీళ్ల పైపు ఉన్న ఏ ఊరైనా ఆ జబ్బుకు ఒక్క వానాకాలం దూరంలోనే ఉంటుంది. పైపు మార్చడమే అసలు మందు, ఆ మాట టీకా చేసినవాళ్లు కూడా ఒప్పుకుంటారు. పైపు మారేలోపు ప్రాణం నిలబెట్టడానికే టీకా.

అటువంటి టీకా తయారీని ఆపేస్తున్నట్టు సనోఫీ ప్రకటించింది, 2023తో సరఫరా ముగిసింది. అదే కాలంలో ప్రపంచంలో కలరా పెరిగింది. 2022 అక్టోబరులో, కలరా టీకాల ప్రపంచ అత్యవసర నిల్వ చాలక, రెండు డోసులు వేయవలసిన చోట ఒక్కటే వేయాలని అంతర్జాతీయ సంస్థలు నిర్ణయించుకున్నాయి. మిరప యార్డు గుమస్తా భార్య అడిగిన ప్రశ్నే, "ఒక్కటి వేయించి ఊరుకుంటే పని చెయ్యదా?", ఈసారి దేశాలు అడగవలసి వచ్చింది. ఒక పెద్ద కంపెనీ లెక్కల్లో కలరా టీకా చిన్న పద్దు. దాన్ని కొట్టేసే అధికారం 2009 సంతకంతో పాటే వెళ్లిపోయింది. హైదరాబాదులో ఆ టీకాను చేయడం తెలిసిన చేతులు ఉన్నాయి, యంత్రాలు ఉన్నాయి, నిర్ణయం మాత్రం ఇక్కడ లేదు.

అయినా ప్రపంచానికి కలరా టీకా పూర్తిగా లేకుండా పోలేదు. దానికి కారణం ఒక్కటే. ఆ పద్ధతి శాంతా సొత్తు కాదు, సోల్‌లోని సంస్థది. శాంతాకు ఇచ్చినట్టే వాళ్లు కొరియాలోని యూబయాలజిక్స్ అనే మరో కంపెనీకి కూడా ఇచ్చారు. ఆ టీకాకు 2015లో ఆమోదం వచ్చింది, శాన్‌కాల్ ఆగిపోయిన నాడు నిల్వను మోసింది అదే. 2024లో మన భారత్ బయోటెక్ కూడా మరో పద్ధతిలో హిల్‌కాల్ పేరుతో కలరా టీకాను తెచ్చింది, అది సంతోషించదగ్గ విషయం. కానీ అది వచ్చేదాకా ప్రజల ధనంతో నిలిచిన ఒక సంస్థ తాళంచెవిని తన దగ్గరే ఉంచుకుని నకళ్లు మాత్రం ఇవ్వడం వల్లే సరఫరా తెగలేదు.

కాబట్టి నేను అడిగేది ఇది. అమరావతిలోనైనా, హైదరాబాదు జీనోమ్ వ్యాలీలోనైనా, ప్రభుత్వ భూమి, రుణం, విశ్వవిద్యాలయ ప్రయోగశాల తీసుకుని టీకా చేసే ప్రతి సంస్థతోనూ మొదటి రోజే రాతపూర్వకంగా రెండు షరతులు ఉండాలి. ప్రజారోగ్య కార్యక్రమంలో వాడే టీకాను ఆపదలుచుకుంటే కొన్నేళ్ల ముందే చెప్పాలి. ఆపిన నాడు ఆ పద్ధతిని, తయారీ కాగితాలతో సహా, తీసుకోవడానికి సిద్ధంగా ఉన్న మరో తయారీదారుకు అప్పగించాలి. కంపెనీ ఎవరికి అమ్ముడైనా, ఎన్నిసార్లు అమ్ముడైనా, ఈ రెండు షరతులూ దానితో పాటు వెళ్లాలి. దీనివల్ల పెట్టుబడులు రావని అనేవారికి నా జవాబు: ఆ కొరియా కంపెనీ తన టీకా కాని టీకాను, మరొకరికి కూడా ఇచ్చిన పద్ధతితోనే చేసి, వ్యాపారం చేసుకుంటూనే ఉంది.